ఇరవై మూడు ఎత్తుల ఆట, ఏడు వారాల చదువు

2025 మే 24, శనివారం. ఉదయం పదకొండున్నరకి ఆడిటోరియం బయట వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చాను. నాకు నలభై మూడేళ్ళు. నన్ను ఓడించిన అబ్బాయికి పదకొండు. ఏడుపు అందుకు కాదు. చెన్నైలో చెస్ రేటింగ్ టోర్నమెంట్ ఆడేవాళ్ళకి పిల్లల చేతిలో ఓడిపోవడం అలవాటే. ఆ ఆటలో నాకు ఒక బంటు ఎక్కువ ఉంది, కాజిల్ అయింది (అంటే కింగ్‌ని రూక్ చాటున భద్రంగా పెట్టుకున్నాను), గడియారంలో ఇంకా నలభై నిమిషాల పైనే ఉంది. అయినా అతను క్వీన్‌ని బలి ఇచ్చి 23వ ఎత్తులో మేట్ చేశాడు. ఎక్కడ తప్పు చేశానో నాకు తెలియలేదు. అదే తట్టుకోలేకపోయాను.

మా అబ్బాయిని క్లాసుకి తీసుకెళ్ళి, బయట బెంచీ మీద కూర్చుని వింటూ నేర్చుకున్న ఆట ఇది. పదో తరగతికి వచ్చాక వాడు మానేశాడు, నేను మానలేకపోయాను. మాది నెల్లూరు. పెళ్ళయినప్పటి నుంచీ సైదాపేటలో ఉంటున్నాం. ఆ రోజుకి నా రేటింగ్, అంటే ఆట బలం చెప్పే అంకె, 1512, ఆ అబ్బాయిది 1585. ఎంట్రీ ఫీజు 2,500 రూపాయలు. ఆఫీసులో మూడు రోజులు సెలవు పెట్టి ఆడిన టోర్నమెంట్ అది.

ముందు ఆట మొత్తం చెప్తాను, బోర్డు ఉన్నవాళ్ళు పెట్టుకోండి. నావి నల్లపావులు, ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఫ్రెంచ్ డిఫెన్స్. అక్షరం, అంకె కలిస్తే గడి పేరు; ప్రతి నంబరు పక్కన మొదటిది తెల్ల ఎత్తు, రెండోది నాది, మూడు చుక్కలుంటే నాది ఒక్కటే.

1. ఇ4 ఇ6 2. డి4 డి5 3. ఇ5 సి5 4. సి3 నైట్ సి6 5. నైట్ ఎఫ్3 క్వీన్ బి6 6. బిషప్ డి3.

ఈ ఆరో ఎత్తు దగ్గరే నా గుండె దడ మొదలైంది. దీన్ని మిల్నర్-బారీ గాంబిట్ అంటారు. తెల్లవాళ్ళు డి4 బంటుని వదిలేసి దాడికి దిగుతారు. ఇందులో పేరున్న ఉచ్చు ఒకటి ఉంది. 6... సి బంటుతో డి4 కొట్టి, 7. సి బంటుతో వాళ్ళు తిరిగి కొట్టాక, మనం ఆశపడి వెంటనే నైట్‌తో డి4 కొడితే, నైట్లు మారాక క్వీన్ డి4కి వస్తుంది. అప్పుడు బిషప్ బి5 చెక్! బిషప్ పక్కకి జరగగానే వెనక ఉన్న తెల్ల క్వీన్‌కి మన క్వీన్ దొరికిపోతుంది. ఈ ఒక్క ఉచ్చు మాత్రం నాకు తెలుసు. అందుకే ముందు 7... బిషప్ డి7 వేశాను. ఆ తర్వాత 8. కాజిల్, నైట్ కొట్టు డి4 9. నైట్ కొట్టు డి4, క్వీన్ కొట్టు డి4 10. నైట్ సి3.

ఇప్పుడు ఇ5లో ఇంకో బంటు ఊరికే దొరుకుతోంది. తినాలా వద్దా అని 26 నిమిషాలు ఆలోచించాను. ధైర్యం చాలక 10... ఎ6 అని చిన్న బంటు ఎత్తు వేశాను. పిరికి ఎత్తు వేశాననుకుని అక్కడే సగం డీలా పడ్డాను.

11. క్వీన్ ఇ2 నైట్ ఇ7 12. కింగ్ హెచ్1 నైట్ సి6 13. ఎఫ్4 నైట్ బి4 14. రూక్ డి1 నైట్ కొట్టు డి3 15. రూక్ కొట్టు డి3 క్వీన్ బి6 16. బిషప్ ఇ3 బిషప్ సి5 17. బిషప్ కొట్టు సి5 క్వీన్ కొట్టు సి5 18. ఎఫ్5 కాజిల్ 19. ఎఫ్6 జి6 20. క్వీన్ డి2 కింగ్ హెచ్8 21. క్వీన్ హెచ్6 రూక్ జి8 22. క్వీన్ కొట్టు హెచ్7 చెక్! కింగ్ కొట్టు హెచ్7 23. రూక్ హెచ్3 మేట్.

క్వీన్ వచ్చి హెచ్7 మీద పడ్డాక కూడా ఒక్క క్షణం, పొరపాటున పెట్టాడనే అనుకున్నాను. మేట్ అయ్యాక అబ్బాయి చెయ్యి ఇచ్చి, మెల్లిగా తెలుగులో "ఆంటీ, అనాలిసిస్ చేద్దామా? పక్క రూమ్‌లో బోర్డులున్నాయి" అన్నాడు. పొద్దున నేను ఇంటికి ఫోన్ చేస్తుంటే విన్నాడట. వాళ్ళది సూళ్ళూరుపేట. నేను "టైమ్ లేదు నాన్నా" అని ఎత్తులు రాసిన కాగితం కార్బన్ కాపీ చించి తీసుకుని బయటికి వచ్చేశాను. తర్వాతి రౌండు మూడున్నరకి. నాలుగు గంటల టైమ్ ఉంది. ఆ అబద్ధం ఇప్పటికీ బాధపెడుతుంది.

మూడున్నర ఆట కూడా ఓడిపోయాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు, మనసు అక్కడ లేదు.

ఆ రాత్రి ఇంట్లో నేను తేల్చుకున్నది ఒకటే: ఫ్రెంచ్ నాకు పనికిరాదు. ఓపెనింగ్ మార్చేయాలి. రాత్రి ఒంటిగంటకి ఫోన్లో 3,200 రూపాయలు పెట్టి వేరే ఓపెనింగ్ వీడియో కోర్సు కొన్నాను, పదకొండు గంటలది. వారం రోజుల్లో నాలుగు గంటలు చూశాను. కోర్సులో తప్పేమీ లేదు. కానీ చూస్తున్నంతసేపూ హెచ్7 మీద పడ్డ ఆ క్వీనే కళ్ళముందు ఉంది. జూన్ 1న కొత్త రేటింగ్ లిస్టు వచ్చింది: 1474. మొత్తం 38 పోయాయి, అందులో 16 ఆ ఒక్క ఆటకే.

అదే రోజు ఆదివారం, పెరంబూరులో ఉండే మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఇంట్లోనే నేర్పిస్తారు, గంటన్నరకి 500. సైదాపేటలో రైలెక్కి పార్క్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి సెంట్రల్ వైపు వెళ్ళి ఇంకో లోకల్ పట్టుకోవాలి. దారి పొడుగునా ఆయనకేం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. కూర్చోగానే "సార్, ఫ్రెంచ్ మానేస్తున్నాను" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "గుకేశ్ మొన్న సింగపూర్లో మొదటి గేమ్ దేనిమీద పోగొట్టుకున్నాడమ్మా?" అని అడిగారు.

ఫ్రెంచ్ మీదే. 2024 నవంబరు 25న ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డింగ్ లిరెన్ నల్లపావులతో ఫ్రెంచ్ ఆడి గెలిచాడు.

"మరి ఐదో గేమ్‌లో గుకేశ్ ఏం వేశాడు? మళ్ళీ ఇ4. డింగ్ మళ్ళీ ఫ్రెంచే. ఓడినచోటికి భయపడకుండా తిరిగి వెళ్ళాడు. నువ్వు ఓడినచోటు ఏదో కూడా చూడకుండా ఊరు మార్చేస్తానంటున్నావు. స్కోర్‌షీట్ ఉందా?"

ఉంది. కానీ ఆయన చదవలేకపోయారు. నేనూ చదవలేకపోయాను. ఇది కొత్తగా ఆడేవాళ్ళకి గట్టిగా చెప్పాలి. ఒరిజినల్ నిర్వాహకులు తీసుకుంటారు, మనకి మిగిలేది వెలిసిపోయిన కార్బన్ కాపీ. నేను 17వ ఎత్తులో తెల్లవాళ్ళది రాయడం మర్చిపోయాను, అక్కడినుంచి అన్నీ ఒక గడి పైకి జరిగాయి. ఆ టోర్నమెంట్‌లో పై బోర్డుల ఆటలే కంప్యూటర్‌లోకి ఎక్కించారు, నాది 70 ఏదో బోర్డు. ఆటని తిరిగి కట్టుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. ఇప్పుడు ఆట అయిన అరగంటలో ఇంకో కాగితం మీద శుభ్రంగా రాసుకుంటున్నాను. ఒక పని మాత్రం ఆ రోజు సరిగ్గా చేశాను. ప్రతి ఎత్తు పక్కనా గడియారంలో మిగిలిన నిమిషాలు రాశాను. ఈ చదువంతా ఆ అంకెల మీదే నిలబడింది.

మాస్టారు పెట్టిన షరతు: కంప్యూటర్ తెరవకూడదు. 200 పేజీల నోటుబుక్కు కొని, ఒక్కో ఎత్తుకి అప్పుడు నేనేమనుకున్నానో నిజం రాయాలి. "ఇప్పుడు తోచింది కాదు, అప్పుడనుకున్నది" అని రెండుసార్లు చెప్పారు. చాలా కష్టమైన పని అది. పదో ఎత్తు దగ్గర "భయం" అని ఒక్క మాట రాసి, అరగంట కూర్చుండిపోయాను.

రెండో ఆదివారం, జూన్ 8న, నిమిషాలన్నీ వరసగా రాయించారు. ఎ6కి 26 నిమిషాలు. 12వ ఎత్తుకి రెండు. 18లో కాజిల్‌కి ఒకటిన్నర. 20లో కింగ్ హెచ్8కి 35 సెకన్లు. అప్పటికి నా దగ్గర 44 నిమిషాలున్నాయి. కాగితం ఆయన ముందుంది, ఆయనేమీ అనలేదు. నాకే కనబడింది. ఓపెనింగ్‌లో ఉచ్చు ఉందని తెలుసు కాబట్టి వణికిపోతూ ఆలోచించాను. అది దాటగానే గండం గడిచిందనుకుని చకచకా ఆడేశాను.

మూడో వారం బోర్డు మీద పావులన్నీ తీసేసి బంటులు మాత్రమే ఉంచారు. పదో ఎత్తు దగ్గర నాకు ఏడు, తెల్లవాళ్ళకి ఆరు. "ఇప్పుడు చెప్పు, తెల్లవాడికి ఏ బంటు నడవాలి?" అన్నారు. ఎఫ్ బంటు. ఇ5 బంటు పక్కన అదే నడవాలి, నా కింగ్ మీదికి వచ్చేది అదే. "మరి 11వ ఎత్తు దగ్గర అది ఎందుకు నడవలేదు?"

నాకు తెలియలేదు. ఆయన నా క్వీన్‌ని డి4లో, వాళ్ళ కింగ్‌ని జి1లో పెట్టి, మధ్యలో ఉన్న గళ్ళని వేలితో తట్టారు. ఇ3, ఎఫ్2, జి1. ఎఫ్2 బంటు పిన్‌లో ఉంది! నా క్వీన్ అక్కడ నిలబడి ఆ బంటుని కట్టేసింది. అది కదిలితే వాళ్ళ కింగ్‌కి చెక్.

అప్పుడు 12. కింగ్ హెచ్1 అర్థమైంది. ఆట జరుగుతున్నప్పుడు దాన్ని నేను ఖాళీ ఎత్తు అనుకున్నాను. నోటుబుక్కులో నా చేత్తోనే "అతనికి ఏం వేయాలో తోచలేదు" అని రాసి ఉంది. ఆ కింగ్ మూలకి జరిగింది బంటుని విడిపించడానికి. వెంటనే తర్వాతి ఎత్తులోనే ఎఫ్4. తర్వాత ఎఫ్5. తర్వాత ఎఫ్6. చివరి మేట్‌లో నా కింగ్ హెచ్7లో ఉండి జి7కి పారిపోలేకపోయింది. జి7ని కాపు కాసింది ఎవరు? ఎఫ్2లో కదలలేక నిలబడ్డ ఆ బంటే.

ఆ రోజు పెరంబూరు స్టేషన్లో రెండు రైళ్ళు వదిలేసి బెంచీ మీద కూర్చున్నాను. ఓడిన ఆట అంత అందంగా కనిపిస్తుందని అనుకోలేదు.

నాలుగో వారం రూక్ సంగతి. 14వ ఎత్తులో నేను నైట్‌తో వాళ్ళ బిషప్‌ని కొట్టాను. దాడి చేసే బిషప్ పోయింది కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. కానీ తిరిగి కొట్టడానికి రూక్ డి3కి వచ్చింది. మూడో వరసలో నిలబడింది. డి3 నుంచి హెచ్3 దాకా అడ్డుగా ఒక్క పావు లేదు. ఆ రూక్‌ని అక్కడికి తెచ్చింది నేనే. "కొట్టడం తప్పు కాదమ్మా. కొట్టాక అది ఎక్కడ నిలబడింది, అక్కడినుంచి ఎటు పోగలదు అని చూడకపోవడం తప్పు" అన్నారు మాస్టారు.

కంప్యూటర్ తెరవనిచ్చింది ఐదో వారం, జూన్ 29న. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ముందు కూర్చున్నప్పుడు పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లలాగా టెన్షన్ పడ్డాను. మొదటి ఆశ్చర్యం: నేను పిరికి ఎత్తు అనుకున్న 10... ఎ6 ఈ గాంబిట్‌కి బాగా తెలిసిన జవాబుల్లో ఒకటి! తెల్ల నైట్ బి5కి రాకుండా ఆపుతుంది. పెద్ద ఆటగాళ్ళు ఎన్నోసార్లు ఆడిన ఎత్తుని నేను సొంతంగా కనిపెట్టి, దానికి సిగ్గుపడి డీలా పడ్డాను. 17వ ఎత్తు దాకా పెద్ద తేడా లేదు. ఓపెనింగ్ నన్ను ఓడించలేదు.

ఓడించింది 35 సెకన్ల ఎత్తు. 20. క్వీన్ డి2 పడ్డాక హెచ్6కి వస్తుందని నాకూ తెలుసు. కింగ్‌ని మూలకి జరిపి రూక్‌ని జి8లో కాపలా పెడితే చాలనుకున్నాను. దానికి బదులు ఎఫ్8 రూక్‌ని సి8కి జరిపి ఉంటే, క్వీన్ హెచ్6కి రాగానే నా క్వీన్ సి5 నుంచి ఎఫ్8కి వచ్చి జి7ని కాపాడేది. ఆట కష్టంగానే ఉండేది, కానీ ఆ మేట్ ఉండేది కాదు. నా రూక్ కూర్చున్న గడే నా క్వీన్ రావాల్సిన గడి. కింగ్ గురించే ఆలోచించాను, ఇల్లు ఖాళీ చేయడం తోచలేదు.

మిగతా రెండు వారాలు వేరేవాళ్ళ ఆటలు చూశాను. లిచెస్ అనే వెబ్‌సైట్‌లో ఈ గాంబిట్ ఆటలు ఉచితంగానే దొరుకుతాయి. పద్ధతి మాస్టారిదే: తర్వాతి ఎత్తుని కాగితంతో మూసి, నేను ఒకటి రాసి, అప్పుడు తెరవాలి. ఒక్కో ఆటకి గంట పైనే పట్టింది. రోజుకి ఒకటి, వంటయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి. మొత్తం పదకొండు ఆటలు చూడగలిగాను. మధ్యలో ఒక రాత్రి అసలు ఈ మిల్నర్-బారీ ఎవరా అని చూశాను. ఇంగ్లండ్ ఆటగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన వాళ్ళలో ఒకడట. బంటుని వదిలి, దాని వెనక ఏముందో ఎదుటివాడిని వెతుక్కోమనే ఓపెనింగ్‌కి ఆ పేరు ఉండటం నాకెందుకో చాలా నచ్చింది.

జూలై 20న ఆఖరి క్లాసు. ఖర్చు: ఎనిమిది ఆదివారాలకి 4,000, చుట్టుకునే వినైల్ బోర్డు, పావులు 650, నోటుబుక్కు 80. ముందు కోర్సుకి పెట్టిన 3,200 వేరు. అది నా తొందరపాటుకి.

ఆగస్టు 13 నుంచి 17 దాకా ఇంకో టోర్నమెంట్ ఆడాను. ఇక్కడ ఎవరూ ముందు చెప్పని సంగతి: ఏడు వారాలు చదివిన గాంబిట్ ఒక్కసారి కూడా రాలేదు. నల్లపావులతో నాలుగు ఆటలు. రెండిట్లో డి4 పడింది. రెండిట్లో ఫ్రెంచ్ వచ్చింది, అదే 3. ఇ5 వచ్చింది, కానీ ఇద్దరూ ఆరో ఎత్తులో బిషప్ డి3 బదులు ఎ3 వేశారు. మొదటిసారి ఎ3 చూసినప్పుడు గొంతు పట్టేసింది, నిజంగా. సి4తో మూసేసి ఆడాను.

ఆ రెండో ఆట ఆగస్టు 15న. పదహారో ఎత్తులో ఎదుటాయన, అరవై దాటిన పెద్దాయన, కింగ్‌ని జి1 నుంచి హెచ్1కి జరిపారు. ఇక్కడ పిన్ ఏమీ లేదు. అయినా నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకు జరిపారు? 19 నిమిషాలు కూర్చున్నాను. ఎఫ్3లో ఉన్న నైట్‌ని తీసి ఎఫ్ బంటుని నడిపించబోతున్నారని తోచింది. జి6, హెచ్5 వేసి ఆ దారి కట్టేశాను. 61 ఎత్తులు, నాలుగున్నర గంటలు, డ్రా. ఆయన లేచి "బాగా పట్టుకున్నారమ్మా" అని తమిళంలో అన్నారు.

హాలు చలికి చేతులు కొయ్యబారాయి (ఏసీ హాళ్ళకి శాలువా తీసుకెళ్ళండి, ఇది చాలా ముఖ్యం). బయటికి వస్తే మెట్ల మీద ఆ సూళ్ళూరుపేట అబ్బాయి, వాళ్ళమ్మ పక్కన కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. మూడు నెలల్లో ఒక అంగుళం పొడుగయ్యాడు. వెళ్ళి, "బాబూ, మే నెలలో మన ఆట గుర్తుందా? ఆ రోజు టైమ్ లేదని చెప్పాను. టైమ్ ఉంది. నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు" అన్నాను. వాళ్ళమ్మ నవ్వి డబ్బా పక్కకి జరిపి చోటిచ్చింది. అబ్బాయి చెయ్యి కడుక్కొచ్చాడు.

నా బోర్డు మెట్ల మీద పరిచాం. అతను ఒక్క ఎత్తు కూడా మర్చిపోలేదు, కాగితం లేకుండా 18 దాకా పెట్టేశాడు. నేను 20వ ఎత్తు గురించి మొదలుపెట్టబోతుంటే తల అడ్డంగా ఊపాడు.

"అది కాదాంటీ, అంతకుముందే. నేను ఎఫ్5 వేసి, మీరు ఇటు కాజిల్ చేస్తారా అటు చేస్తారా అని చాలా భయపడ్డాను. అటు చేసి ఉంటే నా బంటు ఎవరి మీదికి పోవాలి?"

ఏడు వారాల్లో నోటుబుక్కులో ఎన్నో రాశాను. క్వీన్ వైపు కాజిల్ అని మాత్రం ఎక్కడా లేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, 18 అని వేసి, పక్కన "లాంగ్ కాజిల్" అని రాశాను.

"అప్పుడు నువ్వేం వేసేవాడివి?"

అతను రూక్‌ని ఎ1 నుంచి సి1కి జరిపి, నా క్వీన్ వైపు చూపించి, "ఇప్పుడు మీ ఎత్తు" అన్నాడు.